ఇంటికొక బిందె

బావి మంజూరైందన్న కబురు వచ్చే వేళకు నేను ఉగ్గాణి కోసం బొరుగులు తడుపుతున్నాను. ఎర్రదిన్నెలో అది మామూలు పని కాదు. బొరుగులు పిండిన నీళ్లతో గిన్నెలు కడగాలి. గిన్నెలు కడిగిన నీళ్లు వాకిట్లో చల్లాలి. ఆ తడి ఆరేలోగా ముగ్గు వేసెయ్యాలి. ఒక్క చెంబు నీళ్లు ఇన్ని పనులు చేస్తాయని ధర్మవరంలో ఉన్నన్నాళ్లూ నాకు తెలియదు. పెళ్లయి రెండో నెల. నాకప్పుడు అన్నీ ఆటలాగే ఉండేవి.

బయట జీపు చప్పుడైంది. ఆ ఊరికి జీపు రావడమంటే తేరు వచ్చినట్టే. బ్లాకు ఆఫీసు జీపు నడిపే రసూల్ సాబ్ ఇంజను ఆపకముందే కేక వేశాడు.

“సారూ, మిఠాయి పెట్టాల. మీ బావి పాసయిపోయినాది.”

మా ఆయన దివాకర్ ఒక చెంప నిండా సబ్బు నురగతో, చేతిలో కత్తితో అలాగే బయటికి పరుగెత్తారు. నేను తడిచేతులతో వెనకాలే పోయాను. ఆయన ఆ కబురు ఇంకోసారి చెప్పించుకుని, అందరూ చూస్తుండగా నా రెండు చేతులూ పట్టుకుని ఊపేశారు. నురగ వచ్చి నా భుజం మీద పడింది. భూమి చీలితే లోపలికి పోదామన్నంత సిగ్గు. ఆయన చేతులు వదిలేస్తారేమోనని బెంగ కూడా.

“కానీండి సారూ, నేను టైర్లో గాలి జూసుకుంటా,” అని రసూల్ సాబ్ అటు తిరిగి చక్రం ముందు కూచున్నాడు.

జీపు వెనక నుంచి పారలు, గడ్డపారలు, వెదురు గంపలు దిగాయి. పారలకు ఇంకా రంగు వాసన పోలేదు. రసూల్ సాబ్ షరతు కూడా చెప్పాడు. ఊరివాళ్లు శ్రమదానంతో మనిషి లోతు గుంత తవ్వి చూపించాలి. ఆ తర్వాత రాయి పేల్చడం, చుట్టూ కట్టడం సర్కారు పని. వచ్చే సోమవారం ఇంజనీరు వస్తాడు. గుంత కనబడకపోతే బావి పక్క ఊరికి పోతుంది.

“పక్కూరోళ్లు పూలదండ గూడా కట్టించి పెట్టుకున్యారు. ఇంజనీరు మెడ ఎంత లావుంటాదని నన్ను అడుగుతాండారు,” అన్నాడు.

“మా ఊరివాళ్లు ఆ అవకాశం ఇవ్వరు,” అన్నారు దివాకర్. ఆయన మా ఊరు అన్నప్పుడు నాకు ఎంత బాగుండేదో. నేనూ రాను రాను మా ఊరు అనడం నేర్చుకుంటున్నాను.

ఎర్రదిన్నె బెళుగుప్ప నుంచి కణేకల్ వైపు పోయే బండిదారిలో, బస్సు దిగి చాలా దూరం నడిస్తే వచ్చే ఊరు. చైనాతో యుద్ధం అయిన తర్వాతి ఏడు దివాకర్ సేవాసంఘం తరఫున ఒక సంచి, ఒక మందుల పెట్టె తీసుకుని ఇక్కడికి వచ్చారు. పంచాయతీ చావిడికి ఆనుకుని ఉన్న గదిలో ఉంటూ పిల్లలకు పాలపొడి కలిపి పోశారు, కళ్లకలకలకు మందు వేశారు, పెద్దవాళ్లకు అక్షరాలు దిద్దించారు. నేను అనంతపురం కాలేజీలో బీయే పాసై, ఆయన్ని చేసుకుని, ఆడవాళ్లకు చదువు చెబుతానని ఎగిరి గంతేసి వచ్చాను. ఊళ్లో నన్ను సారమ్మ అనేవాళ్లు. సారుగారి పెళ్లాం కాబట్టి సారమ్మ.

నాకు ఆ ఊరు వర్ణించడం చేతకాదు. ఎర్రమట్టి, నల్లరాళ్లు, మధ్యమధ్య జిల్లేడు. ఏ కార్తెలోనూ సరైన వాన లేదు, రెండేళ్లుగా శెనక్కాయ విత్తనం మట్టిలోనే మాడిపోయింది. సగం ఊరు పనులకు బళ్లారి వైపు పోయింది. అయినా సాయంత్రం గుట్ట మీద ఎండ పడితే ఊరంతా పసుపూ కుంకుమా పూసుకున్నట్టు ఉండేది. నేను దివాకర్‌తో ఆ మాట అంటే, “ఆ రంగు పచ్చ గడ్డి లేకపోవడం వల్ల వస్తుంది విశాలా,” అన్నారు. ఆయనకు అన్నిటికీ కారణం తెలుసు. అది కూడా నాకు ముచ్చటే.

రసూల్ సాబ్ ఉగ్గాణి తిని, “ఉప్పు మాత్రం సర్కారు నుంచి ఇంకా మంజూరు గాలేదేమో సారమ్మా,” అని వెళ్లిపోయాడు. దివాకర్ చెంప మీద ఎండిపోయిన నురగ తుడుచుకుని, ఇల్లిల్లూ తిరగడానికి బయలుదేరారు.

ఆయన అటు పోగానే హనుమంతమ్మ నీళ్ల బిందె నెత్తిన పెట్టుకుని వచ్చింది. హనుమంతమ్మ మా ఎదురింటి ఆవిడ. మొగుడు లేడు. ఒక చెక్క మెట్టచేను ఉంది. ఊరి కింద వంకలో ఇసుక తోడితే చెలమలో నీళ్లు ఊరతాయి. కొబ్బరి చిప్పతో ఒక్కొక్క చిప్పా ఎత్తి బిందె నింపాలి. ఆ పని నాకు నేర్పింది ఆవిడే. మొదటిరోజు నేను దివాకర్ అని మా ఆయన పేరు పైకి పలికితే చిప్ప చేతిలోంచి జారవిడిచింది. “మొగుని పేరు అట్ల పిలిస్తే ఆయువు తగ్గుతాదమ్మయ్యా. పిలవల్లనుకుంటే నా మొగునిది పిలుచుకో, ఆయప్ప ఎట్లాగూ పోయినాడు,” అంది. అప్పట్నుంచి మేం స్నేహితులం.

బావి మాట చెబితే ఆవిడ బిందె దించి, కొంగుతో మెడ తుడుచుకుంది.

“మంచిదే. తొవ్వేకి ఎవురొస్తారు?”

“ఊరంతా వస్తుంది.”

“రారు.”

“ఎందుకు రారు?”

“భూమికి మచ్చ ఉండాదంట. ఆ మచ్చ పోకుండ తొవ్వితే రాయి దప్ప నీళ్లు పడవంట. ఆ మచ్చ నా చేన్లో ఉండాది.”

నాకేమీ అర్థం కాలేదు. ఆవిడ గడప మీద కూచుని, జొన్నలు చెరుగుతూ మాట్లాడినట్టే మామూలుగా చెప్పింది. ఆవిడ కూతురు బయమ్మ ముందటేడు వానకారు మొదలయ్యేముందు జ్వరంతో పోయింది. పెళ్లీడు పిల్ల. వాళ్లలో దహనం లేదు, మట్టిలోనే పెడతారు. చేనిగట్టున కానుగ చెట్టు కింద పెట్టారు. ఆ ఏడు వాన పడలేదు. మరుసటి ఏడూ పడలేదు.

“దానికి మెడ మింద, చేతుల మింద తెల్లమచ్చలు ఉండె. తొన్ను. తొన్ను ఉన్నోళ్లను మట్టిలో పెడితే భూమి ఒప్పుకోదంట. వచ్చే మబ్బు ఆ వాసనకు దోవ మళ్లుకోని పోతాదంట. తొవ్వి తీసి కాల్చల్ల. అట్ల జేస్తే వాన పడతాది. మా అవ్వకాలం నుంచి అదే మాట.”

“మరి ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నారు?”

“వాళ్లకు రుజువు లేదు గదా.” ఆవిడ మొహంలో కొంచెం గర్వం లాంటిది కనిపించింది. “పిల్ల చిన్నప్పుడే కనిపెట్టినా. ఉడుకు సంగటి మింద పడి కాలిందని ఊరంతా చెప్పినా. సంగటి కుండ గూడా పగలగొట్టి వాకిట్లో ఏసినా, అందరూ సూడల్లని. నిండు చేతుల రైక దప్ప తొడగనీయలే. అది సచ్చినాంక నేనే నీళ్లు పోసినా, ఎవర్నీ తాకనీయలే. ఇప్పుడు తొవ్వి చూసినా ఏముంటాది, ఎముక మింద మచ్చ ఉండదు గదా.”

ఆ మాటకు తనే చిన్నగా నవ్వింది.

“మన ఊరిపెద్ద గంగాధరప్ప దేవునికి భయపడే మనిషి. తొన్ను లేని ఆడపిల్లను తొవ్వి తీస్తే పాపం తగులుతాదని ఆయన జంకు. ఆ అనుమానం మిందనే నా బిడ్డె పండుకోనుండాది. ఇప్పుడు బావి వచ్చె. మల్లా ఆ మాట లేస్తాది. సారు ఒగరే ఆ పిల్లను దగ్గరగా చూసినోడు. వచ్చిన కొత్తల్లో, పిల్ల మెడకు మందు పూస్తాడేమోనని నేనే పిల్చుకోని పోయింటి. సారుకు జెప్పమ్మయ్యా. కాలిన మచ్చలే, మందు నేనే పూసినా అని ఒగ మాట అనమను. సారు మాటంటే ఊరు ఇంటాది. నాకింకేమీ వద్దు.”

మధ్యాహ్నం దివాకర్ వాడిపోయి వచ్చారు. ప్రతి ఇంట్లోనూ చూస్తాంలే సారూ అన్నారట. ఒక్కరూ కాదనలేదు, ఒక్కరూ వస్తామనలేదు. నేను మజ్జిగ ఇచ్చి, హనుమంతమ్మ చెప్పిందంతా చెప్పాను. సంగటి కుండ సంగతీ, ఆవిడ అడిగిన మాటా ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పాను.

ఆయన మజ్జిగ తాగేసి గ్లాసు కింద పెట్టారు. తర్వాత ఆయన కళ్లలోకి వెలుగొచ్చింది.

“అయితే అసలు జబ్బు ఇదన్నమాట. భయం.”

“ఆవిడ అడిగినట్టు ఒక్క మాట అంటే సరిపోతుంది కదండీ.”

“ఏమని? అబద్ధమనా? ఆ పిల్లకున్నది బొల్లి. నేను చూశాను. కాలిన మచ్చ అంటే ఈ ఒక్క పిల్ల మిగులుతుంది. రేపు ఇంకో పిల్లకు వస్తే? అబద్ధంతో తలుపు బిగిస్తే గాలి గట్టిగా కొట్టిన రోజు తెరుచుకుంటుంది. నిజం చెబితే తలుపుతో పనే లేదు.”

ఆ మాట నాకు మా హాస్టల్ గోడ మీద రాసుకోవాలనిపించింది.

“కానీ ఆవిడ అడిగింది అదొక్కటే,” అన్నాను మళ్లీ.

“అడిగినదానికంటే ఎక్కువే చేస్తాను చూడు,” అని నా ముక్కు పట్టుకుని ఊపారు.

ఆయన తెల్ల చొక్కా పరిచి, లోటాలో నిప్పులు వేసి, ముడతలు పోయేదాకా రుద్దాను. కాలరు దగ్గర కొంచెం మాడింది. ఆయన కనిపెట్టలేదు.

పొద్దు వాలుతుండగా తలారి ఎర్రిస్వామి తప్పెట కొట్టి మగవాళ్లందరినీ చావిడి ముందుకు పిలిచాడు. నేను మా గది తలుపు వెనక పీట వేసుకుని కూచున్నాను. గంగాధరప్ప అరుగు మీద కూచున్నాడు. పొడుగాటి మనిషి, నెమ్మదైన గొంతు. పాలపొడి డబ్బాలు పెట్టుకోమని తన గాదె గదిని ఇచ్చినవాడు ఆయనే. మా పెళ్లికి జొన్నల బస్తా పంపినవాడూ ఆయనే.

దివాకర్ బాగా మాట్లాడారు. మా పుట్టింటివాళ్ల మగ్గం గుర్తుపెట్టుకుని ఉదాహరణగా చెప్పారు. “ధర్మవరంలో పట్టు నూలుకు అద్దకం వేస్తారు. ఒక్కోసారి ఒక పోగుకు రంగు అంటదు. తెల్లగా ఉండిపోతుంది. ఆ పోగు కుళ్లిందా? బలం తగ్గిందా? చీరకు ఏమైనా పాపం తగిలిందా? మనిషి చర్మానికి కూడా లోపల ఒక రంగు ఉంటుంది. ఒకచోట ఆ రంగు ఊరకపోతే తెల్లమచ్చ అవుతుంది. అంతే. దానికీ మబ్బుకీ ఏ సంబంధమూ లేదు.”

నేను తలుపు వెనక నుంచి మురిసిపోయాను. అందరూ కదలకుండా విన్నారు. ఒకాయన, “మా ఇంటిదాని పెండ్లిచీరలో గూడా అట్ల ఒగ పోగు ఉండాది,” అంటే పక్కనున్నవాడు, “అందుకే నీకు వాన పడలేదులే,” అన్నాడు. అందరూ నవ్వారు. దివాకర్ కూడా నవ్వారు.

గంగాధరప్ప నవ్వు ఆగేదాకా ఉండి, మెల్లగా అడిగాడు.

“సారూ, నువ్వు ఆ పిల్లను చూసినావా?”

“చూశాను. వాళ్లమ్మే పిలుచుకుపోయింది.”

“ఉడుకు సంగటి పడి కాలిందంటాది ఆయమ్మ.”

“పాపం, భయపడి అలా చెప్పింది. కాలితే చర్మం ముడత పడుతుంది, గట్టిపడుతుంది. ఆ పిల్లది నున్నగా ఉంది. అది బొల్లే. నేను అనేదేమిటంటే, బొల్లి అయినా సరే...”

“తొన్నే అంటావు.”

“అవును. కానీ...”

“తొన్నే,” అన్నాడు గంగాధరప్ప, తనలో తను అనుకున్నట్టు. ఎర్రిస్వామి తప్పెటను ఒళ్లోంచి తీసి నేల మీద పెట్టాడు. దివాకర్ ఇంకా చెబుతూనే ఉన్నారు, రంగు గురించి, వాన ఎక్కణ్ణుంచి వస్తుందో దాని గురించి, సముద్రం గురించి. గంగాధరప్ప అంతా విని, లేచి రెండు చేతులూ జోడించాడు.

“చదువుకున్నోనివి, దాచకుండా చెప్పినావు. రెండేండ్లుగా మేము అనుమానంలో ఉంటిమి. పారలు తీసి పెట్టు సారూ. పొద్దున్నే వస్తాం.”

దివాకర్ గదిలోకి వచ్చి నన్ను ఎత్తి తిప్పారు. నా తల దూలానికి తగిలింది. ఇద్దరం పగలబడి నవ్వాం. ఎదురింట్లో దీపం వెలగలేదు. హనుమంతమ్మ త్వరగా పడుకుందనుకున్నాను.

పొద్దున్నే వాళ్లు నిజంగానే వచ్చారు. పాతిక మందికి పైగా మగవాళ్లు, తలపాగాలు చుట్టుకుని. నేను నా అద్దకం చీర కట్టుకుని, బెల్లం నీళ్లు కలిపి, వచ్చినవాళ్లందరికీ బొట్టు పెట్టాను. గంగాధరప్ప నుదురు వంచి పెట్టించుకున్నాడు. దివాకర్ ఒక్కొక్కరికీ పార అందిస్తూ నమస్కారం చేశారు. తను ఒక గడ్డపార భుజాన వేసుకుని ముందు నడిచారు. ఇంజనీరు ముందోసారి వచ్చి బావికని ఎర్రజెండా పాతి పోయిన చోటు ఊరికి తూర్పున ఉంది. నేను బెల్లం నీళ్ల కడవ చంకనెత్తుకుని వెనకాల నడిచాను.

రాతిగుండు దగ్గర దారి చీలుతుంది. దివాకర్ తూర్పుకు తిరిగి, పాట కూడా ఎత్తుకున్నారు. కొంతదూరం పోయాక వెనక్కి చూశారు. ఆయన వెనక నేనొక్కదాన్నే ఉన్నాను. పారలన్నీ పడమర దారిలో, హనుమంతమ్మ చేను వైపు పోతున్నాయి.

ఆయన పరుగెత్తారు. నేను కడవ అక్కడే దించి పరుగెత్తాను.

హనుమంతమ్మ అప్పటికే అక్కడ ఉంది. సమాధి మీద ముళ్లకంప కప్పి, ఆ కంప మీద తను కూచుంది. ముళ్లు గుచ్చుకుని చీర మీద అక్కడక్కడా రక్తం. అరవడం లేదు. వచ్చినవాళ్లను ఒక్కొక్కరినీ పేరుపెట్టి పలకరిస్తోంది. “మీ అమ్మకు కాన్పు చేసింది నా అత్త గదప్పా. నీ కొడుక్కు పాలు దాపింది నేను గదా అబ్బీ.” వాళ్లు తలలు వంచుకుని నిలబడ్డారు. ఎవరూ వెనక్కి మాత్రం పోలేదు.

“ఇది నేరం. పోలీసులకు చెబుతాను,” అన్నారు దివాకర్ రొప్పుతూ.

“చెప్పు సారూ,” అన్నాడు గంగాధరప్ప. కోపం లేదు. “బెళుగుప్పకు పోయి నువ్వు చెప్పి, వాళ్లు వచ్చేసరికి ఇది అయిపోయింటాది. మమ్మల్ని పట్టుకోని పోతారు. సోమవారం ఇంజనీరు వచ్చి గుంత యాడని అడుగుతాడు. బావి పక్కూరికి పోతాది. ఈ ఎండాకాలం ఎంతమంది పసిబిడ్డలు మిగులుతారో నీకే తెలుసు, పాలు పోసేవానివి. ఈ మట్టి శుభ్రమైతే రేపు నీ బావికాడికి ఊరు ఊరంతా వస్తాది. ఇది నా మాట. నా మాట ఎన్నడన్నా తప్పిందా?”

దివాకర్ చేతిలోని గడ్డపార నేలకు ఆనుకుంది.

అప్పుడు హనుమంతమ్మ ఆయన్ని చూసింది.

“సారూ. నువ్వు చూసింది నా బిడ్డెను గాదని చెప్పు. వేరే ఊరి పిల్ల అని చెప్పు. నువ్వు అప్పుడు కొత్త గదా, ఎవురెవురో మందుకు వచ్చిరి. మరిసిపోయినానని చెప్పు. అంతే సారూ.”

అందరూ ఆయన వైపు తిరిగారు. గంగాధరప్ప కూడా. ఆయన నిజంగానే ఎదురుచూశాడు. దివాకర్ ఆ మాట అని ఉంటే ఆయన మళ్లీ అనుమానంలో పడి ఉండేవాడని నేను ఇప్పటికీ నమ్ముతాను.

దివాకర్ నోరు తెరిచేలోగా నేను ముందుకు పోయాను.

“ఆయనకు సరిగ్గా గుర్తులేదు గంగాధరప్పా. నిన్న రాత్రి నాతో అన్నారు. ఎవరినో చూసి ఎవరో అనుకున్నానని అన్నారు.”

“సారమ్మ అంటాండాది,” అన్నాడు గంగాధరప్ప. “నిజమేనా సారూ?”

దివాకర్ నా వైపు చూశారు. ఆ చూపు నేను పెళ్లయ్యాక ఎప్పుడూ చూడలేదు. పరీక్షలో పక్కవాడి కాగితం చూసి రాసేవాడిని చూసినట్టు చూశారు.

“లేదు,” అన్నారు. “నాకు బాగా గుర్తుంది. నా భార్య జాలిపడి అంటోంది. ఆ పిల్ల బయమ్మే. కానీ అందులో తప్పేమీ లేదు, ఎన్నిసార్లు చెప్పాలి మీకు, అందులో ఏ తప్పూ లేదు.”

గంగాధరప్ప తల ఊపాడు. ఇద్దరు మనుషులు వచ్చి హనుమంతమ్మ రెక్కలు పట్టుకుని లేపారు. ఆవిడ పెనుగులాడలేదు. లేపుతుంటే కంప చీరకు పట్టుకుని వెంట వచ్చింది. ఒకడు వంగి, ఎంతో ఓపికగా ఒక్కొక్క ముల్లూ విడదీసి పక్కన పెట్టాడు. చీర చిరగకుండా.

కొత్త పారలు బాగా దిగాయి. మట్టి పొడిగా ఉంది. వాళ్లు ఆ ఊళ్లో అంత కలిసికట్టుగా, అంత చురుగ్గా పనిచేయడం నేను చూడలేదు. ఒకరు అలిసిపోతే అడగకుండానే ఇంకొకరు అందుకున్నారు. నేను పోదామనుకున్నాను. అయినా అక్కడే నిలబడి చూశాను. బయటికి వచ్చింది పెద్దగా ఏమీ లేదు. పసుపు రంగు పోయిన గుడ్డ, జడ, చేతి ఎముక మీద ఆకుపచ్చ గాజులు. రైక చేతులు మణికట్టు దాకా ఉన్నాయి. మట్టి లోపల కూడా గుండీలు పెట్టే ఉన్నాయి.

“చూడండప్పా,” అంది హనుమంతమ్మ, పట్టుకున్నవాళ్ల మధ్య నుంచి. “యాడుండాది మచ్చ? నాకు జూపించండి.”

గంగాధరప్ప కట్టె తెమ్మని సైగ చేశాడు.

కందికట్టె, చావిడి లాంతర్ల కోసం ఉంచిన కిరసనాయిలు తెచ్చారు. మంట కింద నుంచి లేవకుండా పైనే పాకింది. ఎముకలు కాలడానికి చాలా పొద్దు పట్టింది. మగవాళ్లు నీడకు కూచుని బీడీలు కాల్చారు. ఒకాయన నా దగ్గరికి వచ్చి, “బెల్లం నీళ్లు ఏమన్నా మిగిలినాయా సారమ్మా,” అని అడిగాడు. కడవ దారిలో దించి వచ్చానని చెప్పాను. పోయి తెచ్చుకుని, అందరూ తలా ఒక గుక్క తాగారు.

ఆ తర్వాత ఆడవాళ్లు వచ్చారు. ఆచారం ప్రకారం ఇంటికొక బిందె నీళ్లు ఆ గుంతలో పొయ్యాలట, వానకు దారి చూపించడానికి. ఆ ఊళ్లో నేను అన్ని నీళ్లు ఒకచోట ఎప్పుడూ చూడలేదు. ఎవరింట్లోనూ దాహానికి అడిగితే సగం గ్లాసుకు మించి దొరకని రోజులవి. ఎంత పొద్దున్నే వంకకు పోయి, ఎన్ని చిప్పలు ఎత్తి నింపారో. చంటిబిడ్డను చంకనేసుకుని ఒకామె, ముసలమ్మ ఒకామె, వరసగా వచ్చి బిందె వంచి, వెనక్కి చూడకుండా పోయారు. బూడిద మీద నీళ్లు చుంయ్‌మని, అంతలోనే ఇంకిపోయాయి. చివర్లో గుంత అడుగున కొంచెం బురద మిగిలింది. కాకి ఒకటి దిగి తాగింది.

పారలన్నిటినీ ఇసుకతో తోమి, తళతళలాడేలా చేసి, మా గది ముందు పేర్చి పోయారు. ఒక్కటి కూడా తగ్గలేదు.

దివాకర్ మధ్యాహ్నం అన్నం తినలేదు. మంచం మీద పడుకుని దూలం వైపు చూస్తూ ఉన్నారు. నేను పక్కన కూచుంటే అటు తిరిగారు. సాయంత్రం గాలి కొద్దిగా చల్లబడింది. గంగాధరప్ప వచ్చి, లోపలికి రాకుండా వాకిట్లోంచే మాట్లాడాడు.

“రేపటికి చాటింపు ఏయిస్తాండా సారూ. నువ్వు గూడా ఎర్రిస్వామి ఎంట తిరిగితే బాగుంటాది. ఇది నీ బావి.”

ఆయన పోయాక దివాకర్ లేచి మొహం కడుక్కున్నారు. జొన్నరొట్టె పెట్టమని అడిగి, రెండు తిన్నారు.

“ఊరంతా వస్తారు విశాలా,” అన్నారు, తలెత్తకుండా. “సోమవారానికి గుంత అయిపోతుంది. వచ్చే ఎండాకాలానికి నువ్వు వంకకు పోనక్కర్లేదు.”

“నిజంగానా?” అన్నాను. నాకు ఆ మాట ఎంత హాయిగా తగిలిందో చెప్పలేను. తర్వాత నేను ఎదురింటి వైపు చూడకుండా పళ్లెం తీశాను.

ఎర్రిస్వామి తప్పెట మొదలైంది. వీధి చివరి నుంచి ఇల్లిల్లూ ఆగుతూ వచ్చాడు. పక్కనే దివాకర్.

“రేపు పొద్దున బావికాడ శ్రమదానం. ఇంటికొగ మనిషి రావల్ల. పార ఉన్నోళ్లు పార, గంప ఉన్నోళ్లు గంప. రానోళ్లకు ఆ బావిలో నీళ్లు లేవహో.”

ప్రతి ఇంట్లోంచీ, వస్తామని కేక వినిపించింది. ఎవరో పిల్లలు ఆ మాటలే పాడుకుంటూ వెంట పడ్డారు. మా ఎదురింటి ముందుకు వచ్చేసరికి ఎర్రిస్వామి తప్పెట ఆపాడు. పోదామా వద్దా అన్నట్టు దివాకర్ వైపు చూశాడు. అంతలో తలుపు తెరుచుకుంది. హనుమంతమ్మ పొద్దుటి చీరలోనే ఉంది. మోచేతుల దాకా గీతలు గీతలుగా ఎండిన రక్తం.

“నా ఇంటికాడ చెప్పకుండ పోతాండావేమప్పా?”

“అది గాదక్కా...”

“ఇంటికొగరు గదా. రాకుంటే నీళ్లు లేవంటివి గదా.”

“అవును.”

“ఈ ఇంట్లో ఉండేది నేనొగదాన్నే.”

“నువ్వు గంప మోస్తే సాలక్కా,” అన్నాడు ఎర్రిస్వామి నేల చూస్తూ. “తొవ్వేది మేము జూసుకుంటాం.”

ఆవిడ నన్నూ చూసింది, నా వెనక పేర్చి ఉన్న పారలనూ చూసింది. తర్వాత దివాకర్‌ను అడిగింది.

“ఏ పొద్దుకు రావల్ల సారూ?”

“ఆరు గంటలకమ్మా,” అన్నారు దివాకర్. “ఎండ ఎక్కకముందే మొదలుపెడదాం.”